స్వదేశ విమర్శ

స్వదేశ విమర్శ అనగా ఒక దేశానికి చెందిన వ్యక్తి ఆ దేశపు ప్రభుత్వాన్ని గానీ, చట్టాలను గానీ, ఆచారాలను గానీ, ప్రజల అలవాట్లను గానీ దేశహితం కోరి బహిరంగంగా తప్పుపట్టడం. ఇది దేశభక్తికి విరుద్ధమని భావించేవారు అన్ని కాలాలలోనూ ఉన్నారు. ఇది దేశభక్తిలో ఒక భాగమేనని వాదించినవారూ ఉన్నారు. భారతదేశంలో ఆధునిక దేశభక్తి భావన రూపుదిద్దుకున్న 1870-1950 మధ్యకాలంలో ఈ వివాదం పలుమార్లు తలెత్తింది. నేడు పాఠ్యపుస్తకాలలో దేశాభిమానులుగా కనిపించే వారిలో చాలామంది తమ జీవితకాలంలో దేశాన్నో, ధర్మాన్నో కించపరచారన్న నింద మోసినవారే. కందుకూరి వీరేశలింగం, గురజాడ అప్పారావు, మహాత్మా గాంధీ, రవీంద్రనాథ్ టాగూరు, బి.ఆర్.అంబేద్కర్, గుర్రం జాషువా ఇందుకు ఉదాహరణలు.

భావన

విమర్శ అనే సంస్కృత పదానికి పరిశీలన, ఆలోచన అని అర్థం. తెలుగులో వాడుకలో అది తప్పులెన్నడం అనే అర్థానికి దగ్గరైంది. ఈ అర్థసంకోచం వల్లనే "దేశాన్ని విమర్శించడం" అన్న మాట వినగానే నింద స్ఫురిస్తుంది.

దేశం అన్న ఒక్క మాట కింద కనీసం మూడు వేరువేరు విషయాలు చేరుతున్నాయి. మొదటిది భూభాగం, రెండవది దానిని పాలించే ప్రభుత్వం, మూడవది అందులో నివసించే సమాజం. ప్రభుత్వాన్ని విమర్శించినవారిని దేశాన్ని విమర్శించినట్లుగా పరిగణించడం పాలకులకు ఎప్పుడూ అనుకూలమే. సమాజాన్ని విమర్శించినవారి సంగతి ఇంతకంటె క్లిష్టమైనది. ప్రభుత్వాలు మారుతుంటాయి, ఆచారాలు ఇంటింటా ఉంటాయి. అందువలన సంఘాన్ని తప్పుపట్టినవారికి ఎదురయ్యే ఆగ్రహం పోలీసుల నుండి గాక, ఇరుగుపొరుగు నుండి, బంధువర్గం నుండి వస్తుంది.

భారతదేశపు పాఠశాలలలో విద్యార్థులు చేసే ప్రతిజ్ఞను రచించినవాడు తెలుగువాడైన పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన ఈయన 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తున్నప్పుడు దీనిని రాశాడు. దేశంపై ప్రేమను, వారసత్వం పట్ల గర్వాన్ని ప్రకటించిన తరువాత ఆ వారసత్వానికి తగినవారమయ్యేందుకు పాటుపడతామన్న సంకల్పం కూడా అందులో ఉన్నది. పిల్లలు రోజూ వల్లించేటప్పుడు ఈ రెండవ భాగాన్ని అంతగా గమనించరు. పాటుపడవలసి ఉన్నదంటే ఇంకా కొరత ఉన్నదనే అర్థం.

ఇతిహాసాలలో

పాలకునికి అప్రియమైన సత్యం చెప్పవలసిన బాధ్యత గురించి భారతీయ ఇతిహాసాలలో విస్తృతమైన చర్చ ఉన్నది. రామాయణంలో సీతాపహరణానికి సహాయం కోరివచ్చిన రావణునితో మారీచుడు, ఎల్లప్పుడూ ప్రియమే పలికేవారు సులభంగా దొరుకుతారని, హితమైన అప్రియాన్ని చెప్పేవాడూ వినేవాడూ దొరకడం కష్టమని అంటాడు. మహాభారతంలో విదురుడు ధృతరాష్ట్రునికి ఇదే నీతిని బోధిస్తాడు.

అప్రియం చెప్పిన తరువాత ఏమి చేయాలన్న ప్రశ్నకు ఈ కథలలో ఒకే సమాధానం లేదు. విదురుడు ధృతరాష్ట్రుని కొలువులోనే ఉండి విమర్శించాడు. రాజు కోపించి పొమ్మన్నప్పుడు అడవిలోని పాండవుల వద్దకు వెళ్ళాడు, పిలిపించగానే తిరిగివచ్చి మళ్ళీ అదే మాట చెప్పాడు. కుంభకర్ణుడు అన్నగారి తప్పును నిండుసభలో ఎత్తిచూపి, యుద్ధంలో ఆ అన్నగారి పక్షానే మరణించాడు. విభీషణుడు లంకను విడిచి ప్రత్యర్థి పక్షంలో చేరాడు. రామాయణం విభీషణుని ధర్మాత్మునిగానే కీర్తించింది. అయినా జనవాక్యం ఆయనను క్షమించలేదు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత అందుకు సాక్ష్యం. స్వదేశ విమర్శకులపై సామాన్యులకు కలిగే అనుమానమంతా ఈ సామెతలో ఇమిడి ఉన్నదని చెప్పవచ్చును. లంకకు చేటు తెచ్చినది ఇంటిగుట్టు బయటపడడమా, లేక మారీచుడు మొదలు కుంభకర్ణుని వరకు చెప్పినవారి మాట వినకపోవడమా అన్నది సామెత అడగని ప్రశ్న.

ఆధునిక సామాజిక శాస్త్రంలో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్నే వేరొక కోణంలో పరిశీలించాడు. ఒక సంస్థ గానీ రాజ్యం గానీ క్షీణిస్తున్నప్పుడు అందులోనివారికి రెండు మార్గాలు ఉంటాయి: విడిచివెళ్ళడం, లోపల ఉండి గొంతెత్తడం. ఎవరు ఏ మార్గం ఎన్నుకుంటారో నిర్ణయించేది చాలావరకు వారికి గల అనుబంధమే. అనుబంధం లేనివాడు గొణగకుండా వెళ్ళిపోతాడు, ఉన్నవాడు ఉండి అరుస్తాడు. హిర్ష్‌మన్ వాదాన్ని విదురునికి అన్వయిస్తే ఆయన అప్రియ వచనాలన్నీ కురువంశంపై ఆయనకు గల అభిమానానికి కొలతలుగా కనబడతాయి.

కందుకూరి వీరేశలింగం

తెలుగునాట స్వదేశ విమర్శ ఒక ఉద్యమంగా రూపుదాల్చడానికి కందుకూరి వీరేశలింగం (1848-1919) కారకుడు. ఆయన 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను స్థాపించాడు. అదే సంవత్సరం వివేకవర్ధని పత్రికను ప్రారంభించాడు. ఆ పత్రిక న్యాయస్థానాలలోని లంచగొండితనాన్ని, ప్లీడర్ల మోసాలను, వేశ్యాలోలత్వాన్ని, బాల్యవివాహాలను, మూఢవిశ్వాసాలను పేరుపేరునా ఎండగట్టేది. బ్రహ్మవివాహము, వ్యవహార ధర్మబోధిని మొదలైన ప్రహసనాలలో ఆయన చూపిన మనుషులను రాజమండ్రి పాఠకులు సులువుగా గుర్తుపట్టేవారు. ఆయన వాదాలను కొక్కొండ వేంకటరత్నం పంతులు తన ఆంధ్రభాషా సంజీవని పత్రికలో ఖండించేవాడు. ఇద్దరూ పండితులే, ఇద్దరూ తమ దేశాచారాలపై అభిమానం గలవారే. ఉన్నదానిని నిలుపుకోవడమే అభిమానమని ఒకరు, కుళ్ళినదానిని తొలగించడమే అభిమానమని మరొకరు తలచారు.

1881 డిసెంబరు 11న వీరేశలింగం రాజమండ్రిలో తన ఇంట మొదటి వితంతు వివాహం జరిపించాడు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పెళ్ళికి పోలీసు కాపలా అవసరమైంది. వివాహానికి హాజరైనవారిని పీఠాధిపతి వెలివేయడంతో చాలామంది స్నేహితులు ప్రాయశ్చిత్తం చేయించుకొని దూరమయ్యారు. వంటవారు, నీళ్ళు మోసేవారు మానివేయగా ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుండి స్వయంగా నీళ్ళు మోసుకువచ్చి వంట చేసింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు. వీరేశలింగం తన జీవితకాలంలో దాదాపు 40 వితంతు వివాహాలు జరిపించాడు. ఆ దంపతులలో పలువురి పోషణభారం కూడా ఆయనపైనే పడింది. తన ఆస్తిని హితకారిణీ సమాజానికి అప్పగించాడు.

విమర్శకుడు తాను తప్పుపట్టిన సమాజంలోనే కొనసాగడం, విమర్శకు తగిన పనిని తానే నెత్తికెత్తుకోవడం, దాని మూల్యాన్ని తన కుటుంబంతో సహా చెల్లించడం ఇక్కడ గమనించదగిన విషయాలు. దూషణకు, ప్రేమపూర్వక విమర్శకు మధ్య గల భేదం మాటల పరుషత్వంలో వెదికితే దొరకదు. వీరేశలింగం భాష ఆయన ప్రత్యర్థుల భాష కంటె మృదువైనదేమీ కాదు.

గురజాడ అప్పారావు

గురజాడ అప్పారావు (1862-1915) రచించిన కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయింది. పూర్తిగా తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. ఈ నాటకం ఊహాజనితమైన వ్యంగ్యం మాత్రమే కాదనడానికి మొదటి కూర్పు పీఠికలో ఆధారం ఉన్నది. విజయనగర మహారాజు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో కన్యాశుల్కం తీసుకుని జరిగిన పెళ్ళిళ్ళ జాబితాను తయారు చేయించాడు. మూడు సంవత్సరాలలో నమోదైనవి 1034. పెళ్ళినాటికి ఐదేళ్ళ వయసు గల బాలికలు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది వయసువారు ముగ్గురు. అచ్చులో వచ్చిన ఈ అంకెలు రచయిత సొంత వర్గానికి చెందినవే.

అదే గురజాడ 1910లో దేశభక్తి గేయం రచించాడు. దేశాన్ని భూభాగంతో గాక ప్రజలతో గుర్తించిన గేయంగా అది ప్రసిద్ధి చెందింది. దానిలోని మరొక అంశం అంతగా ప్రచారం పొందలేదు. దేశాభిమానం కలదని గొప్పలు చెప్పుకోవడాన్ని కవి అందులో నిరసించాడు, మేలు చేసి చూపమని కోరాడు. కన్యాశుల్కాన్ని, దేశభక్తి గేయాన్ని విడివిడిగా చదివే అలవాటు విద్యార్థులకు ఉన్నది. పసిపిల్లలను వయసుమళ్ళినవారికి అమ్మే సమాజాన్ని అద్దంలో చూపిన రచయితకు "దేశమంటే ఎవరు" అన్న ప్రశ్న కలగడంలో ఆశ్చర్యం లేదు.

సంస్కరణ ముందా, స్వరాజ్యం ముందా

19వ శతాబ్దం చివరిలో స్వదేశ విమర్శకులు రెండు వర్గాలుగా ఉండేవారు. సంఘాన్ని విమర్శించినవారిలో ఎక్కువమంది బ్రిటిషు ప్రభుత్వం పట్ల మెతకగా ఉండేవారు. ప్రభుత్వాన్ని విమర్శించినవారిలో ఎక్కువమంది సంఘం జోలికి పోయేవారు కారు. మహాదేవ గోవింద రానడే 1887 నుండి కాంగ్రెసు సమావేశాల వెంట సంఘ సంస్కరణ సభను కూడా జరిపించేవాడు. 1895లో పూనాలో కాంగ్రెసు పందిరిలో ఈ సభను జరపరాదని తిలక్ అనుచరులు అడ్డుపడగా, రానడే దానిని వేరొకచోట జరుపుకోవలసివచ్చింది. పరాయి పాలకుల ముందు సొంత తప్పులను చెప్పుకుంటే వారి పెత్తనానికి సమర్థన దొరుకుతుందన్నది ఆక్షేపణ. ఈ వాదంలో కొంత బలం లేకపోలేదు. అయితే విధవలు, అస్పృశ్యులు స్వరాజ్యం వచ్చేదాకా ఆగవలసినదేనా అన్న ప్రశ్నకు దాని వద్ద సమాధానం లేదు.

ఆంధ్రదేశంలో ఈ చీలిక 1907లో స్పష్టమైంది. ఆ సంవత్సరం బిపిన్ చంద్రపాల్ రాజమండ్రికి వచ్చి ఉపన్యసించగా చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులోకి అనువదించాడు. వందేమాతరం బిళ్ళలు ధరించినందుకు విద్యార్థులపై చర్యలు తీసుకున్నారు. కళాశాల నుండి బహిష్కరింపబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడలో స్వరాజ్ పత్రికను నడిపి, 1908లో రాజద్రోహ నేరంపై మూడేళ్ళ జైలుశిక్ష అనుభవించాడు. సంఘాన్ని ఎదిరించి వెలిపడిన వీరేశలింగానికి 1893లోనే ప్రభుత్వం రావుబహద్దరు బిరుదు ఇచ్చింది. ఆయన వందేమాతరం ఉద్యమానికి దూరంగా ఉండడం యువకులకు నచ్చలేదు. ఒకే ఊరిలో ఇద్దరు దేశాభిమానులు, ఒకరి కంటికి కనబడిన తప్పు మరొకరికి ముఖ్యం కాలేదు.

ఈ రెండు పాయలను తెలుగు సాహిత్యంలో ఒకటిగా కలిపిన రచన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన మాలపల్లి నవల. 1922లో ప్రచురణ ప్రారంభమైన ఈ నవలలో అస్పృశ్యత, జమీందారీ, పరాయి పాలన మూడూ విమర్శకు గురయ్యాయి. దీనిని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

గాంధీ, మదర్ ఇండియా వివాదం

1909లో రాసిన హింద్ స్వరాజ్‌లో గాంధీ, ఆంగ్లేయులు భారతదేశాన్ని తీసుకోలేదని, భారతీయులే ఇచ్చారని వాదించాడు. ఆ పుస్తకాన్ని 1910లో ప్రభుత్వం నిషేధించింది. దేశానికి తిరిగివచ్చిన తరువాత 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ప్రారంభోత్సవాలలో చేసిన ప్రసంగం ఆయన విమర్శలన్నింటిలోకీ ప్రసిద్ధమైనది. వేదికపై మదన్ మోహన్ మాలవ్యా, అనీబిసెంట్ ఉన్నారు, దర్భంగా మహారాజు అధ్యక్షుడు. సంస్థానాధీశులు వజ్రాభరణాలు ధరించి కూర్చున్నారు. గాంధీ ఆ ముందురోజు విశ్వనాథాలయానికి వెళ్ళి చూసిన ఇరుకు సందుల మురికిని గురించి, రైళ్ళలో మూడవ తరగతి పెట్టెలలో ఉమ్మివేసే అలవాటు గురించి, మాతృభాషను వదలి ఇంగ్లీషులో మాట్లాడవలసిరావడం గురించి, రైతుల శ్రమ నుండి వచ్చిన ఆ నగల గురించి మాట్లాడాడు. అనీబిసెంట్ ఆపమని కోరింది. విద్యార్థులు కొనసాగించమని కేకలు వేశారు. అధ్యక్షుడు లేచి వెళ్ళిపోవడంతో సభ అర్ధాంతరంగా ముగిసింది. పత్రికలలో ఈ ప్రసంగాన్ని చదివి ఆకర్షితుడైన ఒక యువకుడు ఉత్తరాలు రాసి, అదే సంవత్సరం జూన్‌లో గాంధీ ఆశ్రమానికి చేరుకున్నాడు. అతడే వినోబా భావే. 1951లో తెలంగాణలోని పోచంపల్లిలో భూదానోద్యమాన్ని ఆరంభించినది ఈయనే.

1927లో అమెరికా రచయిత్రి కాథరిన్ మేయో మదర్ ఇండియా అనే పుస్తకాన్ని ప్రచురించింది. బాల్యవివాహాలు, ప్రసూతి పద్ధతులు, అపరిశుభ్రత, అస్పృశ్యత మొదలైనవాటిని వర్ణించి, ఇటువంటివారికి స్వరాజ్యార్హత లేదన్న అభిప్రాయం కలిగేలా రాసిన ఈ పుస్తకంపై దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. నిజానికి అందులోని ఆరోపణలలో కొన్ని వీరేశలింగం అర్ధశతాబ్దం ముందే చేసినవి. గాంధీ యంగ్ ఇండియాలో రాసిన సమీక్షలో దానిని మురుగుకాలువల తనిఖీదారు నివేదికతో పోల్చాడు. ఆ పోలిక చాలామందికి తెలుసు. ఆ సమీక్షలోనే ఆయన ఆ పుస్తకం వల్ల విదేశీయులకు మేలు లేదని, భారతీయులు మాత్రం చదివి కొంత ప్రయోజనం పొందవచ్చునని కూడా రాశాడు. ఒకే వాస్తవం ఎవరికి, ఎందుకు చెబుతున్నారన్న దానిని బట్టి దాని స్వభావం మారుతుందన్నది ఆయన అభిప్రాయం. 1929లో హర్బిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. బాలికల కనీస వివాహ వయస్సు 14, బాలురకు 18గా అది నిర్ణయించింది.

వివేకానందుడు కూడా శ్రోతలను బట్టి మాట్లాడిన వాడే. విదేశాలలో భారతీయ సంస్కృతిని గట్టిగా సమర్థించిన ఆయన, 1897లో మద్రాసులో మాట్లాడుతూ మలబారు ప్రాంతపు కులాచారాలను పిచ్చాసుపత్రితో పోల్చాడు. రవీంద్రనాథ్ టాగూరు ఈ జాగ్రత్తను పాటించలేదు. 1916-17లో జపాన్, అమెరికాలలో జాతీయవాదాన్నే విమర్శిస్తూ ఉపన్యాసాలిచ్చి, భారతదేశపు అసలు సమస్య రాజకీయమైనది కాదని, సామాజికమైనదని చెప్పాడు. జలియన్‌వాలాబాగ్ దురంతానికి నిరసనగా 1919లో సర్ బిరుదును వదులుకున్నదీ ఆయనే. తరువాతి కాలంలో జాతీయగీతమైన జనగణమనకు ఆయన అదే 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో ఆంగ్లానువాదం చేశాడు.

అంబేద్కర్, జాషువా

దేశంపై ప్రేమతోనే విమర్శ చేస్తున్నానని చెప్పుకోవడానికి దేశం తనదన్న నమ్మకం ముందు ఉండాలి. ఆ నమ్మకమే నిరాకరింపబడినవారి విషయంలో ఈ భావన కఠినమైన పరీక్షకు గురవుతుంది. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీ, అంబేద్కర్ మొదటిసారి కలుసుకున్నారు. అంబేద్కర్ దేశభక్తిని గాంధీ మెచ్చుకోగా, తనకు స్వదేశమన్నది లేదని, పిల్లులకు కుక్కలకు ఉన్న మర్యాద కూడా తమకు లేని ఈ దేశాన్ని తనదని ఎలా అనగలనని ఆయన బదులిచ్చాడు. 1936లో లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ వారి సభకు అధ్యక్షోపన్యాసంగా కులనిర్మూలనను సిద్ధం చేశాడు. నిర్వాహకులు అందులోని అభిప్రాయాలు భరించలేక సభనే రద్దు చేసుకున్నారు. ఆయన దానిని తన ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేయించాడు.

1947 ఆగస్టు 30న అంబేద్కర్ రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. స్వదేశం లేదన్న వ్యక్తి ఆ దేశానికి మూలచట్టం రచించడం చరిత్రలో అరుదైన సంఘటన. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన చివరి ప్రసంగంలో ఆయన అభినందనలతో సరిపెట్టలేదు. రాజకీయాలలో ఒక మనిషికి ఒకే విలువ ఉన్నా, సామాజిక ఆర్థిక జీవితంలో ఆ సమానత్వం లేదని, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే కట్టిన ప్రజాస్వామ్యమే కూలుతుందని హెచ్చరించాడు. రాజకీయాలలో వ్యక్తిభక్తి నియంతృత్వానికి దారితీస్తుందన్న హెచ్చరిక కూడా ఈ ప్రసంగంలోనిదే.

తెలుగులో ఈ వేదనకు అత్యుత్తమ రూపం గుర్రం జాషువా (1895-1971) రచించిన గబ్బిలం. దీని మొదటి భాగం 1941లో వెలువడింది. దేవాలయ ప్రవేశం లేని ఒక నిరుపేద, గుడిలో వేలాడే స్వేచ్ఛ గల గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి తన బాధను విన్నవించుకుంటాడు. ఈ కావ్యాన్ని కేవలం నిరసనగా చదివితే సగమే చదివినట్లు. దారిలో తగిలే చారిత్రక స్థలాలను, వాటి పూర్వవైభవాన్ని ఆ కథానాయకుడు ఎంతో ఆదరంతో వర్ణించి, చూసి వెళ్ళమని గబ్బిలాన్ని కోరతాడు. తనను గడప తొక్కనివ్వని దేశపు సౌందర్యాన్ని అతడు అంత బాగా ఎరిగి ఉండడమే చదువరిని కలచివేస్తుంది.

ఇతర దేశాలలో

ప్రాచీన గ్రీసులో సోక్రటీసు తనను బద్ధకించిన గుర్రాన్ని కుట్టి లేపే జోరీగతో పోల్చుకున్నాడని ప్లేటో రచనల వల్ల తెలుస్తున్నది. ఆ గుర్రం ఏథెన్సు నగరం. క్రీ.పూ. 399లో మరణశిక్ష పడిన తరువాత పారిపోయే అవకాశం మిత్రులు కల్పించినా, తనను పెంచిన నగరపు చట్టాలను ధిక్కరించనని నిరాకరించాడు.

అమెరికాలో బానిసత్వం నుండి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌ను 1852లో రోచెస్టర్ నగరంలో స్వాతంత్ర్య దినోత్సవ సందర్భంగా ప్రసంగించమని ఆహ్వానించారు. ఆయన జూలై 4న గాక 5న మాట్లాడాడు. స్వాతంత్ర్య ప్రకటన చేసిన తొలితరం నాయకులను ముందుగా ప్రశంసించి, ఆ పండుగ శ్రోతలదే గానీ బానిసలది కాదని తేల్చిచెప్పాడు. అయినా ఆ దేశ రాజ్యాంగం స్వేచ్ఛకు అనుకూలమైనదేనన్న ఆశతో ముగించాడు. జర్మనీ నుండి వలసవచ్చి సెనేటర్ అయిన కార్ల్ షుర్జ్ 1872లో, తన దేశం సరిగా ఉంటే అలాగే నిలపాలని, తప్పులో ఉంటే సరిదిద్దాలని సభలో పేర్కొన్నాడు. తప్పయినా ఒప్పయినా నా దేశమే అన్న నినాదానికి ఇది సవరణ వంటిది.

చట్టం

1870లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 124-ఎ సెక్షను ప్రభుత్వం పట్ల అప్రీతి కలిగించడాన్ని నేరంగా పేర్కొన్నది. 1897లో తిలక్‌పై జరిగిన విచారణలో జడ్జి స్ట్రాచీ అప్రీతి అంటే ప్రీతి లేకపోవడమేనని జ్యూరీకి వివరించాడు. తిలక్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. 1908లో తిరిగి ఆరేళ్ళ శిక్ష విధించి మాండలేకు పంపారు. 1922 మార్చి 18న అహమ్మదాబాదులో ఇదే సెక్షను కింద గాంధీని విచారించినప్పుడు ఆయన నేరాన్ని అంగీకరిస్తూనే, ప్రీతిని చట్టంతో పుట్టించలేరని, ఒక వ్యక్తిపైగానీ వ్యవస్థపైగానీ ప్రీతి లేనివాడు హింసను ప్రేరేపించనంత వరకు ఆ మాట చెప్పే స్వేచ్ఛ కలిగి ఉండాలని వాదించాడు. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ఎంతో గౌరవంగా మాట్లాడి ఆరేళ్ళ శిక్ష విధించాడు.

రాజ్యాంగ సభలో వాక్‌స్వాతంత్ర్యానికి గల మినహాయింపుల నుండి రాజద్రోహం అనే మాటను కె.ఎం.మున్షీ సవరణ మేరకు తొలగించారు. 1951లో నెహ్రూ పార్లమెంటులో ఈ సెక్షను ఎంతో అభ్యంతరకరమైనదని, ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదని చెప్పాడు. అయినా అది శిక్షాస్మృతిలో కొనసాగింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షను చెల్లుతుందంటూనే దాని పరిధిని కుదించింది. ప్రభుత్వ చర్యలను ఎంత తీవ్రంగా నిరసించినా హింసకు గానీ అశాంతికి గానీ ప్రేరేపించనంత వరకు నేరం కాదన్నది ఆ తీర్పు సారాంశం. ఇంతకూ కేదార్‌నాథ్ సింగ్ అప్పీలును మాత్రం కోర్టు కొట్టివేసింది. ఈ చట్టాన్ని భారతదేశానికి తెచ్చిన బ్రిటన్ తన దేశంలో రాజద్రోహ నేరాన్ని 2009 నాటి చట్టంతో రద్దు చేసుకున్నది.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను పేర్కొంటుంది. జాతీయ పతాకాన్ని, గీతాన్ని గౌరవించడం అందులో మొదటి విధి. స్త్రీల గౌరవానికి భంగకరమైన ఆచారాలను విడనాడడం, శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, పరిశీలన సంస్కరణల స్ఫూర్తిని పెంపొందించుకోవడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మొదటి విధికి ఉన్నంత ప్రచారం వీటికి లేదు.

2022 మే 11న సుప్రీంకోర్టు 124-ఎ సెక్షను అమలును నిలిపివేసింది. 2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఇందులో రాజద్రోహం అనే పదం లేదు. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు భంగం కలిగించే చర్యలను 152వ సెక్షను శిక్షార్హం చేసింది. యావజ్జీవ శిక్ష గానీ, ఏడేళ్ళ వరకు జైలుశిక్ష గానీ విధించవచ్చును. ప్రభుత్వ చర్యలను న్యాయబద్ధమైన మార్గాలలో మార్పించే ఉద్దేశంతో చేసే విమర్శను గురించి ఈ సెక్షనుకు ఒక వివరణ కూడా జతచేశారు.